మెదడును తాకిన విద్యుత్తు: నాడీ ప్రేరణ చికిత్సల చరిత్ర

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బిలాస్‌పుర్ రైల్వే నగరం అంచున పెరిగిన ప్రాంతాలలో మోప్కా ఒకటి. ఇక్కడ ఒక పెద్ద విద్యుత్ ఉపకేంద్రం ఉన్నది. దాని తీగలలో లక్షల వోల్టుల ఒత్తిడితో ప్రవహించే విద్యుత్తు ఇళ్ళను వెలిగిస్తుంది, యంత్రాలను తిప్పుతుంది. అదే విద్యుత్తు మరొక రూపంలో, రెండు మూడు వోల్టుల స్వల్ప పరిమాణంలో, మెదడులో అమర్చిన సన్నని తీగ గుండా ప్రవహించి వణుకుతున్న చేతిని నిలకడగా నిలుపగలదు. లోపలి చెవిలోని నాడిని తాకి, పుట్టుచెవుడు గల శిశువుకు తల్లి పిలుపును వినిపించగలదు. దిగులుతో క్రుంగి, అన్నపానాలు మానుకున్న మనిషిని తిరిగి పంక్తిలో కూర్చోబెట్టగలదు. అయినప్పటికీ ఈ రెండవ విద్యుత్తు పేరు వినగానే సామాన్యుల మనస్సులో మొదట మెదిలేది ఆశ కాదు, భయం. ఆ భయం ఎక్కడ పుట్టిందో, అందులో ఎంత న్యాయమున్నదో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బిలాస్‌పుర్‌తో తెలుగువారి సంబంధం రైలు పట్టాల వెంట ఏర్పడినది. 1887లో స్థాపితమైన బెంగాల్–నాగపూర్ రైల్వే కాలక్రమాన వాల్తేరును, బిలాస్‌పుర్‌ను, ఖరగ్‌పూర్‌ను ఒకే వ్యవస్థలోకి తెచ్చింది. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తి కావడంతో ఉత్తరాంధ్ర నుండి ఛత్తీస్‌గఢ్ మైదానానికి నేరుగా దారి ఏర్పడింది. రైల్వే కొలువులకై ఆ దారిన వెళ్ళిన తెలుగు కుటుంబాలెన్నో అక్కడనే స్థిరపడినవి. కొలువు దొరికినంత సులభంగా మానసిక వైద్యం మాత్రం దొరకలేదు. 2000 నవంబరు 1న కొత్త రాష్ట్రం ఏర్పడేనాటికి మధ్యప్రదేశ్ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు గ్వాలియరులోను, ఇండోరులోను ఉండేవి. నాగపూరు, రాంచీ, విశాఖపట్నం ఆసుపత్రులకు పోవాలన్నా రైలు ఎక్కవలసిందే. బిలాస్‌పుర్ సమీపాన సేంద్రీలో రాష్ట్ర మానసిక ఆసుపత్రి వెలసినది కొత్త రాష్ట్రం ఏర్పడిన తరువాతనే.

అలా దూరపు ఆసుపత్రికి పోయి తిరిగివచ్చిన మనిషిని గురించి మన వాడలలో ఒక మాట వినిపిస్తూ ఉంటుంది: “కరెంటు పెట్టించారట.” ఆ ఒక్క మాటలో జాలి, జంకు, వెలి మూడూ కలగలిసి ఉంటాయి. ఇది కేవలం అజ్ఞానమని కొట్టివేయడం తగదు. విద్యుత్తును మనిషి తలకు తాకించిన రెండు వందల యేండ్ల చరిత్రలో ఉపకారమూ ఉన్నది, అపచారమూ ఉన్నది. ఈ రెంటినీ వేరుచేసే గీటురాయి యంత్రంలో లేదు. ఆ యంత్రం ఎదుట ఉన్న మనిషిని ముందుగా అడిగారా, లేదా అన్న ప్రశ్నలోనే ఉన్నది.

తిమ్మిరి పుట్టించే చేప

విద్యుత్తు అంటే ఏమిటో తెలియకముందే మనిషి దానిని వైద్యానికి వాడుకున్నాడు. తాకినవారికి తిమ్మిరి పుట్టించే టేకు జాతి చేప ఒకటి మధ్యధరా సముద్రంలో ఉన్నది. క్రీస్తుశకం 1వ శతాబ్దికి చెందిన రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్, విడువని తలనొప్పికి ఆ చేపను నొసట తాకించవలెనని, కీళ్ళవాతానికి దానిపై పాదం మోపవలెనని వ్రాశాడు. లాటిన్ భాషలో ఆ చేప పేరు టార్పెడో. మొద్దుబారడమనే అర్థమున్న ధాతువు నుండి పుట్టిన పేరది. పాఠకులు ఈ పేరును గుర్తుంచుకోవలసిందిగా మనవి. విశాఖపట్నం చేరినప్పుడు దానితో మళ్ళీ పని పడుతుంది.

ఇటలీలోని బొలోనా నగరంలో లుయిజీ గాల్వానీ 1780వ దశకంలో చచ్చిన కప్పల కాళ్ళపై ప్రయోగాలు జరిపి, నాడులకు విద్యుత్తుతో సంబంధమున్నదని 1791లో ప్రకటించాడు. అతని మేనల్లుడు జొవాన్నీ ఆల్దీనీ మరొక అడుగు ముందుకు వేశాడు. విషాదరోగంతో బాధపడే ఒక రైతు తలకు 1801లో విద్యుత్తు తాకించి, అతడు కోలుకున్నాడని వ్రాశాడు. ఆల్దీనీ ప్రదర్శనలు కొన్ని జుగుప్స కలిగించేవి. 1803లో లండనులో ఉరితీయబడిన ఖైదీ శవాన్ని విద్యుత్తుతో కదలించి చూపాడు. అయినా ఒక విషయంలో అతనిని మెచ్చుకోవాలి. ఆ విద్యుత్తును అతడు తన తలపై కూడా ప్రయోగించుకుని, కలిగిన బాధను స్వయంగా అనుభవించాడు. తరువాత వచ్చిన వారిలో ఆ జాగ్రత్త అందరికీ లేకపోయింది.

1870లో జర్మన్ పరిశోధకులు ఫ్రిచ్, హిట్జిగ్ కుక్క మెదడు ఉపరితలంపై ఒక చోట విద్యుత్తు తాకిస్తే ఎదుటి పక్క కాలు కదలుతుందని నిరూపించారు. మెదడులో ఏ పనికి ఏ చోటు అన్న విచారణకు అది గట్టి పునాది. నాలుగు సంవత్సరాలకే, 1874లో, అమెరికాలోని సిన్సినాటి నగర వైద్యుడు రాబర్ట్స్ బార్తొలో ఈ ప్రయోగాన్ని మనిషిపై జరిపాడు. మేరీ రాఫర్టీ అనే పేద పనిమనిషికి వ్రణం వల్ల పుర్రె తొలిచినట్లై మెదడు బయటపడింది. అతడు అందులోకి సూదులు గుచ్చి విద్యుత్తు పంపాడు. బలం పెంచగా ఆమెకు మూర్ఛలు వచ్చాయి. కొద్ది రోజులకే ఆమె మరణించింది. సాటి వైద్యులు తీవ్రంగా నిరసించగా బార్తొలో విచారం ప్రకటించాడు. మానవ మెదడుకు విద్యుత్ ప్రేరణ అనే శాస్త్రాధ్యాయం మొదటి పుట ఇటువంటిది.

రోము రైల్వే స్టేషనులో దొరికిన మనిషి

నేడు జనులు “షాక్ ట్రీట్‌మెంట్” అని పిలిచే విద్యుత్ మూర్ఛ చికిత్స 1938 ఏప్రిల్‌లో రోము నగరంలో పుట్టింది. మూర్ఛ కలిగిస్తే కొన్ని మానసిక వ్యాధులు తగ్గుతాయని హంగేరీ వైద్యుడు మెదూనా 1934 నుండి మందులతో ప్రయత్నిస్తున్నాడు. ఆ మందుల బదులు విద్యుత్తు వాడవచ్చునని ఊగో చెర్లెత్తీ, లూచో బీనీ తలచారు. వారి మొదటి రోగి రోము రైల్వే స్టేషనులో అర్థం కాని మాటలాడుతూ తిరుగుతుండగా పోలీసులు పట్టి పంపిన వ్యక్తి. ఊరు కాని ఊరిలో, నావారనేవారు పక్కన లేని మనిషి. మొదటిసారి పంపిన విద్యుత్తు చాలలేదు. రెండవసారి సిద్ధపడుతుండగా, అంతవరకు పొంతన లేని మాటలాడిన ఆ రోగి స్పష్టంగా వద్దన్నాడనీ, అది ప్రాణం తీస్తుందన్నాడనీ చెర్లెత్తీ స్వయంగా వ్రాసుకున్నాడు. అయినా చికిత్స కొనసాగింది. రోగి కొంత కోలుకుని ఇంటికి చేరాడు. తరువాత వ్యాధి తిరగబెట్టింది.

ఈ ఘట్టంలో ఉన్న చిక్కు నేటికీ తీరలేదు. చికిత్స మేలు చేసింది. రోగి మాత్రం వద్దన్నాడు. వ్యాధిగ్రస్తుని మాటకు విలువ లేదని త్రోసివేయడం సులభం. అతడన్న అన్ని మాటలలో నిస్సందేహంగా అర్థవంతమైనది అదొక్కటే కావడం మరువరానిది.

శాస్త్రదృష్టితో చూస్తే ఈ చికిత్సలో మేలు చేసేది షాక్ కాదు, మెదడులో పుట్టే క్రమబద్ధమైన మూర్ఛ. తొలినాళ్ళలో మత్తు లేకుండా జరపడం వల్ల కండరాలు బిగుసుకుని ఎముకలు విరిగిన సందర్భాలుండేవి. 1950వ దశకం నుండి మత్తుమందుతో పాటు కండరాలను సడలించే సక్సినైల్‌కోలీన్ అనే మందు వాడుకలోకి వచ్చింది. దానితో రోగికి బాధ తెలియదు, శరీరం ఎగిరిపడదు. తీవ్రమైన విషాదరోగానికి, ఆత్మహత్యకు తెగబడే స్థితికి, మాట కదలిక రెండూ స్తంభించే కాటటోనియాకు నేటికీ ఇంత త్వరగా పనిచేసే చికిత్సలు తక్కువ. చికిత్స జరిగిన రోజులకు సంబంధించిన జ్ఞాపకాలు కొన్ని చెరిగిపోవడం, కొందరిలో అంతకు ముందటి జ్ఞాపకాలు కూడా తిరిగి రాకపోవడం దీనిలోని లోపం. ఈ రెండు సంగతులనూ రోగికి, కుటుంబానికి ముందుగా చెప్పడం వైద్యుని ధర్మం.

మన దేశంలోకి ఈ పద్ధతి 1940వ దశకంలో ప్రవేశించింది. బెంగుళూరులో మైసూరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి, అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ 1974లో విలీనమై జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్ర సంస్థగా ఏర్పడినవి. నిమ్‌హాన్స్‌గా ప్రసిద్ధి పొందిన ఆ సంస్థలో ఈ చికిత్సపై గట్టి పరిశోధన జరిగింది. 1982లో గంగాధర్, కపూర్, కళ్యాణసుందరం ప్రకటించిన పరిశీలనలో విషాదరోగులలో ఒక వర్గానికి నిజమైన విద్యుత్ చికిత్స, మరొక వర్గానికి ఇమిప్రమిన్ మందు ఇచ్చి, ఎవరికి ఏది అందుతున్నదో తెలియనీయకుండా పోల్చి చూశారు. రెండూ మేలు చేసినట్లు తేలింది. శాస్త్రం ఇంత ముందుకు పోయినా, మత్తు వైద్యులు, పరికరాలు చాలనిచోట మత్తు లేకుండానే చికిత్స జరిపే అలవాటు దేశంలో చాలాకాలం కొనసాగింది. వాడలలోని భయానికి మూలం సినిమాలు మాత్రమే కావు. మత్తు లేకుండా విద్యుత్తు అనుభవించి తిరిగివచ్చిన వారి నోటి మాట కూడా.

రోగి మాట్లాడిన శస్త్రచికిత్సాశాల

దీనికి పూర్తిగా భిన్నమైన సంప్రదాయం కూడా ఉన్నది. కెనడాలోని మాంట్రియల్ నగరంలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ 1930వ దశకం నుండి మూర్ఛరోగులకు శస్త్రచికిత్స చేసేటప్పుడు వారిని మేల్కొలిపే ఉంచేవాడు. మెదడుకు నొప్పి తెలియదు కనుక చర్మాన్ని, ఎముకను మొద్దుబార్చితే చాలు. స్వల్ప విద్యుత్తును ఒక్కొక్క చోట తాకిస్తూ, ఏమనిపిస్తున్నదని అడిగేవాడు. రోగి చెప్పిన జవాబును బట్టి ఆ చోట అంకె వేసిన చిన్న కాగితం ఉంచేవాడు. మాటకు, కదలికకు, స్పర్శకు ఆధారమైన చోట్ల పటం అలా తయారైంది. ఆ పటాన్ని గీసినది వైద్యుడైనా, చెప్పి గీయించినది రోగి.

ఈ విద్య దక్షిణ భారతానికి మద్రాసు ద్వారా వచ్చింది. అక్కడి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో 1950లో బి. రామమూర్తి నాడీ శస్త్రచికిత్సా విభాగాన్ని ప్రారంభించారు. వి. బాలసుబ్రమణియం, ఎస్. కళ్యాణరామన్, టి.ఎస్. కనక ఆయన సహచరులు. తలకు లోహపు చట్రం బిగించి, కొలతలు కట్టి, మెదడు లోతుల్లోని ఒకానొక బిందువుకు సూదిని చేర్చే స్టీరియోటాక్టిక్ పద్ధతిలో వీరు ఆసియాలోనే మార్గదర్శకులైనారు. ఆసియా ఖండపు మొదటి మహిళా నాడీ శస్త్రవైద్యురాలిగా పేరొందిన కనక 1932లో జన్మించి, 1968లో ఎం.సి.హెచ్. పట్టం పొందారు. 1975లోనే రోగి మెదడులో దీర్ఘకాలం ఉండే ఎలక్ట్రోడులను అమర్చి, భారతదేశంలో లోతు మెదడు ప్రేరణకు నాంది పలికారు. 2018లో ఆమె కన్నుమూశారు.

ఈ మద్రాసు బృందపు చరిత్రలోనూ నీడ లేకపోలేదు. దౌర్జన్య స్వభావం, అతి చాంచల్యం గల రోగులను శాంతపరచుటకై మెదడులోని కొన్ని భాగాలను నశింపజేసే శస్త్రచికిత్సలను వారు 1970 ప్రాంతంలో చేశారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని శాంతపరచడం ఎవరి కోసమన్న ప్రశ్న నేటి పాఠకునికి తోచక మానదు. నశింపజేసిన భాగం తిరిగి రాదు. లోతు మెదడు ప్రేరణకు గల ప్రధానమైన గుణం ఇక్కడనే తెలుస్తుంది. విద్యుత్తును తగ్గించవచ్చు, పెంచవచ్చు, ఆపవచ్చు.

ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరంలో అలీం లూయీ బెనాబీద్ బృందం 1987లో ప్రకటించిన విషయం అదే. వణుకు తగ్గించుటకై థాలమస్‌లో ఒక బిందువును మాడ్చే ముందు, సరియైన చోటేనా అని పరీక్షించేందుకు విద్యుత్తు పంపేవారు. సెకనుకు నూరు సార్లకు మించిన వేగంతో పంపినప్పుడు వణుకు అప్పటికప్పుడే ఆగిపోయింది. ఇక మాడ్చనవసరమేమి? రొమ్ము చర్మం క్రింద బ్యాటరీ, మెడ గుండా తీగ, మెదడులో సన్నని ఎలక్ట్రోడు. అమెరికా ప్రభుత్వం 1997లో వణుకుకు, 2002లో పార్కిన్సన్ వ్యాధికి ఈ చికిత్సను ఆమోదించింది. మన దేశంలో ఇది 1990వ దశకం చివర నుండి వ్యాపించింది. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ ఈ రంగంలో పేరు పొందిన కేంద్రాలలో ఒకటి. ఇక్కడ కూడా అనేక సందర్భాలలో రోగిని మేల్కొలిపి ఉంచి, చేయి చాపమని, వేళ్ళు ఆడించమని అడుగుతూ సరియైన బిందువును వెదకుతారు. అయితే ఇది వ్యాధిని నయం చేయదు, లక్షణాలను మాత్రమే అదుపులో ఉంచుతుంది. ఖర్చు లక్షలలో ఉంటుంది. రీచార్జి చేయ వీలులేని బ్యాటరీని కొన్ని సంవత్సరాలకు మార్చవలసి వస్తుంది.

టార్పెడో శాలలో వినికిడి యంత్రం

నాడీ ప్రేరణ పద్ధతులలో అత్యధికంగా సఫలమైనది చెవికి సంబంధించినది. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలోని సూక్ష్మ కణాలు నశించినా, శ్రవణనాడి బ్రతికి ఉండవచ్చు. ఆ నాడిని నేరుగా విద్యుత్తుతో ప్రేరేపించవచ్చునని 1957లో పారిస్‌లో జూర్నో, ఐరియెస్ చూపారు. 1978లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ అనేక ఎలక్ట్రోడులు గల యంత్రాన్ని అమర్చి, మాటలు గుర్తించే స్థాయికి దానిని తెచ్చాడు. మన దేశానికి ఇది విదేశీ ధరతో వచ్చింది. సామాన్య కుటుంబానికి అది అందని మ్రానిపండు. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకంలో పసిపిల్లలకు ఈ శస్త్రచికిత్సను చేర్చడంతో పేదల ఇళ్ళకు దాని పేరు తెలిసింది.

విశాఖపట్నంలో 1969లో స్థాపించబడిన నౌకాదళ విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాల టార్పెడోల వంటి సముద్రగర్భ ఆయుధాలను రూపొందించే సంస్థ. వరుణాస్త్రం అక్కడిదే. నీటి అడుగున ధ్వనిని గుర్తించి విశ్లేషించడం ఆ శాస్త్రజ్ఞుల నిత్యకృత్యం. ధ్వనిని విద్యుత్ సంకేతంగా మార్చే ఆ నేర్పును బధిర శిశువుల కోసం వినియోగించవచ్చునన్న ఆలోచనకు అబ్దుల్ కలాం ప్రోత్సాహం లభించింది. డాక్టర్ వి. భుజంగరావు నాయకత్వాన అక్కడివారు తక్కువ ధరకు స్వదేశీ కాక్లియర్ యంత్రం రూపొందించడానికి పూనుకున్నారు. రెండు వేల యేండ్ల క్రితం తలనొప్పికి వైద్యం చేసిన చేప పేరును ఆధునిక యుగంలో ఒక ఆయుధానికి పెట్టారు. ఆ ఆయుధాన్ని తయారుచేసే శాలలోనే మళ్ళీ నాడికి వైద్యం చేసే యంత్రాన్ని తలపెట్టారు. చరిత్రలో ఇటువంటి మలుపులు అరుదు.

ఈ యంత్రం అమర్చినంత మాత్రాన శిశువు మాటలు నేర్వదు. నెలల తరబడి, సంవత్సరాల తరబడి వినికిడి, మాట శిక్షణ కావాలి. ఏ భాషలో ఆ శిక్షణ అన్నది బిలాస్‌పుర్ వంటి నగరంలోని తెలుగు ఇంటికి చిన్న ప్రశ్న కాదు. ఇంట వినేది తెలుగు, శిక్షణాలయంలో వినేది హిందీ అయినప్పుడు ఆ తల్లిదండ్రులకు మార్గదర్శకత్వం అవసరం.

పుర్రె తెరవకుండా

1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో ఆంథొనీ బార్కర్ బృందం ఒక తీగచుట్టను తలపై పట్టుకుని క్షణమాత్రం బలమైన అయస్కాంత క్షేత్రాన్ని కల్పించింది. అది నొప్పి లేకుండా పుర్రెను దాటి, మెదడులో స్వల్ప విద్యుత్తును పుట్టించగా చేతి కండరాలు కదిలాయి. విషాదరోగ చికిత్సకు ఇది 2008లో అమెరికాలో ఆమోదం పొందింది. జ్ఞానప్రక్రియల అధ్యయనానికి ఇది అమూల్యమైన సాధనమైనది. ఒక భాగాన్ని క్షణకాలం తడబరచి, ఏ పని కుంటుపడుతుందో చూడవచ్చు. బాల్యం నుండి అంధులైనవారు బ్రెయిలీ చదువుతుండగా మెదడులోని దృష్టిభాగాన్ని ఇలా తడబరిస్తే చదువు తప్పులతడకైనదని 1997లో తేలింది. చూపులేని మెదడు ఆ చోటును ఖాళీగా విడువలేదు, స్పర్శకు అప్పగించింది. ఒకటి రెండు మిల్లీ ఆంపియర్ల విద్యుత్తును తల పైనుండి పంపే మరొక పద్ధతిని 2000లో జర్మనీలో నీచ్చె, పౌలుస్ పునరుద్ధరించారు. వినబడని స్వరాలు వినిపించే రోగులపై దాని ప్రభావాన్ని నిమ్‌హాన్స్ పరిశోధకులు పరీక్షించారు. ఇటువంటి సాధనాలను తెలివి పెంచే యంత్రాలుగా అమ్మజూపేవారి మాటలు నమ్మి ఇంట్లో ప్రయోగించుకోవడం మాత్రం వివేకం కాదు.

అడిగే బాధ్యత

2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడి వద్ద ఒక ఆశ్రయంలో నిప్పంటుకుని, గొలుసులతో కట్టివేయబడిన మానసిక రోగులు ఇరవై ఎనిమిది మంది మరణించారు. అటుపిమ్మట మత్తు లేని విద్యుత్ చికిత్సను నిషేధించాలని కూడా సుప్రీంకోర్టులో వాదం నడిచింది. చివరకు 2018 నుండి అమలులోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ విభాగంలో, మత్తు, కండరాలను సడలించే మందు లేకుండా ఈ చికిత్స చేయరాదని శాసించింది. మైనర్లకు చేయవలసి వస్తే సంరక్షకుని సమ్మతి, బోర్డు ముందస్తు అనుమతి తప్పనిసరి. అత్యవసర చికిత్స అనే పేరుతో దీనిని ప్రయోగించరాదని 94వ విభాగం చెబుతున్నది. తనకు ఏ చికిత్స సమ్మతమో, ఏది కాదో మనిషి ఆరోగ్యంగా ఉన్నప్పుడే వ్రాసి ఉంచే హక్కును కూడా ఆ చట్టం కల్పించింది. రోము స్టేషనులో దొరికిన మనిషి మాటకు ఎనభై ఏండ్లకు, మరొక దేశంలో, శాసనరూపంలో వచ్చిన జవాబు అది.

చట్టం వ్రాతలో ఉన్నంత మాత్రాన మోప్కాలోని ఇంటి గడప దాటి లోపలికి రాదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలిమానస్ సేవ వల్ల 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులో సలహా పొందే వీలు కలిగింది. దూరపు ఆసుపత్రికి రైలెక్కే ముందు ఇది ఒక మెట్టు. రెండవ మెట్టు వైద్యుని ఎదుట నిలిచి అడగడం: మత్తు ఇస్తారా, ఎన్ని పర్యాయాలు చేస్తారు, జ్ఞాపకశక్తికి ఏమవుతుంది, ఇంకొక దారి ఉన్నదా? అన్నిటికంటె ముఖ్యమైన మెట్టు మూడవది. ఈ ప్రశ్నలు అడిగేటప్పుడు రోగిని పక్కన కూర్చోబెట్టుకోవడం, అతడు తడబడుతూ చెప్పినా చెవి యొగ్గి వినడం.

విద్యుత్తుకు మంచిచెడ్డలు తెలియవు. మీట మీద చేయి వేసే మనిషికి తెలియాలి. అలా అడిగి, విని, ఒప్పుకున్నాక చికిత్స పొంది ఇంటికి చేరిన మనిషిని “కరెంటు పెట్టించారట” అని కాక, “జబ్బుచేసి కోలుకున్నాడు” అని వాడవారు చెప్పుకొనే రోజున ఈ శాస్త్రం మన ఊళ్ళకు నిజంగా చేరినట్లు భావించవచ్చు.